సూపరింటెండెంట్ చేతిలో ఆక్సిజన్ ఉంది, మరి ఆటగాళ్ల చేతిలో?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. మేం ఐదుగురు స్నేహితులం ఆదివారం సాయంత్రాలు మా ఫ్లాట్‌లో కూర్చుని టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడతాం, అంటే ఒక్కొక్కరం ఒక్కో పాత్ర తీసుకుని మాటలతో, పాచికలతో కథ నడిపిస్తాం. కథను ముందుకు నడిపే గేమ్ మాస్టర్‌ని నేనే. కథ సొంతంగా రాసుకున్నాను. అంగారకుడికి, బృహస్పతికి మధ్య ఒక గ్రహశకలం మీద గని, దాన్ని ఆనుకుని ఒక స్టేషన్. కార్మికులు ప్రయాణం ఖర్చు కంపెనీ దగ్గర అప్పుగా తీసుకుని వస్తారు, అది తీరేదాకా వెనక్కి వెళ్లడానికి లేదు. ఒక ఫ్రెండ్ స్టేషన్ సూపరింటెండెంట్‌గా ఆడతానంటే సరే అన్నాను. మా గుంపులో ఒక అమ్మాయి అతని కింద పనిచేసే మెకానిక్. పోయిన వారం అతను ఆమె పాత్రను అందరి ముందు నిలబెట్టి తిట్టాడు, ఆక్సిజన్ కోటా తగ్గించాడు, క్షమాపణ చెప్పేదాకా గదిలోంచి బయటికి రానివ్వనన్నాడు. మిగతావాళ్లు సీన్ అదిరిందన్నారు. ఆమె ఏమీ అనలేదు. బుధవారం 'ఈ వారం రాలేనేమో' అని మెసేజ్ పెట్టింది. ఏమైందని అడిగితే 'ఏం లేదు, పని ఉంది' అంది. ఇలాంటివి కథలోంచి తీసేయాలా? తీసేస్తే నేను చెప్పాలనుకున్న కథే మిగలదు. ఉంచితే ఎలా ఉంచాలి?

సమాధానం: తీసేయక్కర్లేదు. మీ కథ మంచి కథ, దాని గురించి వివరంగా మాట్లాడుకుందాం. కానీ ముందు ఆ అమ్మాయి సంగతి చూడాలి. ఆదివారం లోపు మీరు చేయాల్సిన పని అదొక్కటే.

ఆమెకు మళ్లీ ఒక మెసేజ్ పెట్టండి, గ్రూప్‌లో కాదు, విడిగా. 'ఏమైంది' అని అడగకండి. అలా అడిగితే ఆమె తన మనసులో ఉన్నదంతా మీకు వివరించాల్సి వస్తుంది, లేదా మళ్లీ 'ఏం లేదు' అనాల్సి వస్తుంది. రెండూ ఆమెకు భారమే. మీ వైపు నుంచి చెప్పండి: 'పోయిన ఆదివారం ఆ సీన్ నేను మధ్యలో ఆపాల్సింది, ఆపలేదు. సారీ. ఇకమీదట సూపరింటెండెంట్ పాత్ర నేనే నడుపుతాను. నీ మెకానిక్ కథ ఎటు వెళ్లాలో నువ్వు చెప్పు, లేదా ఆ పాత్ర వద్దనుకుంటే కొత్తది చేసుకుందాం. కారణాలేవీ చెప్పక్కర్లేదు. ఈ వారం రాకపోయినా పర్లేదు.' ఇంతే. ఆమెకు గతంలో ఏదో జరిగి ఉంటుందని ఊహించుకోవద్దు, ఆ ఊహను మిగతావాళ్లతో పంచుకోవద్దు. ఏమీ జరగకపోయినా, నలుగురు నవ్వుతూ చూస్తుండగా పది నిమిషాల సేపు తిట్లు తినడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. తిట్టింది పాత్రనే అయినా విన్న చెవులు ఆమెవి. పాత్ర అనుభవించింది ఆడేవాళ్లలోకి, ఆడేవాళ్ల మనసులో ఉన్నది పాత్రలోకి ఇలా దాటుతూ ఉంటుంది. స్కాండినేవియా దేశాల లార్ప్ (పాత్రలను లేచి నిజంగా నటిస్తూ ఆడే ఆట) ఆటగాళ్లు దీన్ని 'బ్లీడ్' అంటారు, దాని గురించి చాలా ఏళ్లుగా చర్చిస్తున్నారు. ఎవరికైనా జరిగేదే. ముందే తెలిసి ఉంటే సిద్ధపడి కూర్చోవచ్చు.

ఇక ఆ స్నేహితుడు. అతనితోనూ విడిగా మాట్లాడండి. బహుశా అతను 'నా క్యారెక్టర్ అలాంటివాడు, నేనేం చేయను' అంటాడు. ఈ మాట రోల్ ప్లేయింగ్ ఆడే ప్రతిచోటా వినిపిస్తుంది, నేను దీన్ని ఒప్పుకోను. ఆ పాత్రను తయారు చేసుకున్నది అతనే, మార్చుకోగలిగిందీ అతనే. అలాగని అతన్ని దోషిలా నిలబెట్టడం కూడా న్యాయం కాదు. పాత్ర ఇచ్చేటప్పుడు హద్దులు ఎవరూ చెప్పలేదు, సీన్ నడుస్తున్నప్పుడు ఎవరూ ఆపలేదు, పైగా మెచ్చుకున్నారు. అతనికి ఇంకో పాత్ర ఇవ్వండి. అదే స్టేషన్‌లో అప్పులో ఉన్న కార్మికుడి పాత్ర ఇస్తే ఇంకా మంచిది. నటించగలిగినవాడు కాబట్టి అక్కడా బాగా ఆడతాడు.

ఒక ఆటగాడి పాత్రకు ఇంకో ఆటగాడి పాత్ర మీద పెత్తనం ఇవ్వడమే తప్పు అని నేననను. అలాంటి ఆటలు ఉన్నాయి, మంచివీ ఉన్నాయి. లియమ్ బర్క్ రాసిన 'డాగ్ ఈట్ డాగ్'లో ఒక పసిఫిక్ ద్వీపాన్ని విదేశీయులు ఆక్రమిస్తారు. ఆక్రమణదారు మొత్తాన్ని ఒక్కరే ఆడతారు, మిగతా అందరూ స్థానికులు. ఆ ఒక్కరు ఎవరో తేల్చే పద్ధతి చూడండి: టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లలో నిజజీవితంలో ఎవరి దగ్గర డబ్బు ఎక్కువుందో వాళ్లకే ఆ పాత్ర. 'స్థానికులు ఆక్రమణదారుల కంటే తక్కువవారు' అన్నది ఆటలో రాసుకునే మొదటి నియమం. వినడానికే ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలనే అలా రాశాడు. కానీ అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తాము దేనికి కూర్చున్నారో తెలుసు. మీ మెకానిక్‌కు తెలియదు. ఆమె గని కథ ఆడదామని వచ్చింది, ఒక స్నేహితుడి చేత తిట్లు తినే సీన్ వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందుకే నేను మిమ్మల్ని గట్టిగా పట్టుకోమనేది ఒక్కటే. పాత్ర చేతిలోంచి ఎంత అధికారం లాగేస్తే, ఆ పాత్రను ఆడేవాళ్ల చేతికి అంత అధికారం ఇవ్వాలి. మెకానిక్ గదిలో బందీ అయినప్పుడు ఆ గదిలో ఏం జరిగిందో చెప్పే హక్కు మెకానిక్‌ను ఆడే అమ్మాయిదే కావాలి. సూపరింటెండెంట్ 'నీ కోటా తగ్గిస్తున్నాను' అంటాడు, అక్కడితో అతని మాట అయిపోవాలి. దాన్ని ఆమె ఎలా తీసుకుంది, ఏడ్చిందా, పళ్లు బిగబట్టిందా, లోపల నవ్వుకుందా, క్షమాపణ చెప్పిందా లేదా, ఇదంతా ఆమె చెప్పాలి. 'ఈ సీన్ ఇక్కడ ఆపి మర్నాటికి వెళ్దాం' అని ఆమె అంటే వెళ్లిపోవాలి. ఇంకో మాట కూడా టేబుల్ మీద రూలుగా పెట్టండి: ఒక ఆటగాడి పాత్ర భయపడిందా, నమ్మిందా, లొంగిపోయిందా అన్నది పాచికలు తేల్చకూడదు. తలుపు పగిలిందా లేదా అన్నది పాచిక చెప్పొచ్చు. మనసు సంగతి ఆడేవాళ్లే చెప్పాలి.

టేబుల్ మీద 'ఎక్స్' గీసిన కార్డు పెట్టుకోవడం, ఎవరైనా దాన్ని తాకితే ప్రశ్నలేవీ వేయకుండా ఆ విషయాన్ని వదిలేసి ముందుకు వెళ్లడం మీకు తెలిసే ఉంటుంది. జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. మంచిదే. కానీ మన దగ్గర ఆ కార్డును పెట్టి వదిలేస్తే అది అలాగే పడి ఉంటుంది. నలుగురూ ఎంజాయ్ చేస్తుంటే నేనెందుకు చెడగొట్టాలి అనే మొహమాటం మనలో అంత బలంగా ఉంది. అందుకని మొదట మీరే దాన్ని వాడండి, అదీ చిన్న విషయానికి. గనిలో శవం వర్ణన మరీ ఎక్కువైందనిపిస్తే మీరే కార్డు తాకి 'ఇది తగ్గిద్దాం' అనండి. గేమ్ మాస్టరే వాడాక మిగతావాళ్లకు చెయ్యి చాచడం తేలికవుతుంది. అలాగే కథలో అసలు ఉండకూడనివి ఏవి, ఉన్నా తెర వెనక జరిగిపోవాల్సినవి ఏవి అని ముందే అడిగి రాసుకోవడం రాన్ ఎడ్వర్డ్స్ అనే గేమ్ రచయిత నుంచి వచ్చిన పద్ధతి. ఇది గ్రూప్‌లో అడిగితే అందరూ 'నాకేం ప్రాబ్లం లేదు బ్రో' అంటారు. ఒక్కొక్కరినీ విడిగా అడగండి. వచ్చిన జవాబులన్నీ కలిపి ఒకే పట్టీగా పెట్టండి, ఏది ఎవరు చెప్పారో బయటపెట్టకండి. మీకూ వద్దనిపించేవి అందులో చేర్చండి. లైంగిక హింస మాత్రం ఎవరినీ అడగక ముందే పూర్తిగా బయట పెట్టేయండి. మీ గని కథకు దాని అవసరం లేదు.

ఇప్పుడు కథకు వద్దాం. మీ ఉత్తరంలో నాకు కనిపించిన ఇంకో లోటు ఏమిటంటే, మీ సూపరింటెండెంట్ అరుస్తున్నాడు. అరిచేవాడు, తలుపుకు తాళం వేసేవాడు విలన్ అని అందరికీ వెంటనే తెలిసిపోతుంది. నిజంగా పట్టు ఉన్నవాడికి అరవాల్సిన అవసరం చాలా అరుదుగా వస్తుంది.

1984లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ అనే ఊళ్లో గృహహింస బాధితులకు అండగా పనిచేసేవాళ్లు ఒక బొమ్మ గీశారు. దెబ్బలు తిన్న ఆడవాళ్లు స్వయంగా చెప్పినవాటి ఆధారంగా గీసిన చక్రం అది. మధ్యలో అధికారం, అదుపు. చక్రం ఆకుల్లో ఒంటరిని చేయడం, డబ్బు చేతికి అందకుండా చేయడం, బెదిరించడం, 'అసలేమీ జరగలేదు, నువ్వే పెద్దది చేస్తున్నావ్' అనడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం లాంటివి. కొట్టడం ఎక్కడుందో తెలుసా? బయటి అంచున. లోపలున్నవన్నీ రోజూ తిరుగుతుంటాయి, దెబ్బ వాటిని కలిపి పట్టుకుంటుంది. మన దేశంలో 2005లో వచ్చిన గృహహింస చట్టం కూడా కొట్టడంతో పాటు మాటలతో బాధపెట్టడాన్ని, డబ్బు విషయంలో నలిపేయడాన్ని హింసగానే లెక్కగట్టింది. ఇది ఇంటి సంగతి కదా, గనికి ఏం సంబంధం అనుకోవద్దు. పనిచేసే చోటే ఇల్లు కూడా అయినప్పుడు, తప్పించుకుని వెళ్లే దారి లేనప్పుడు, రెండూ ఒకటే అవుతాయి. మీ స్టేషన్ సరిగ్గా అలాంటి చోటు.

పైగా అంతరిక్షంలో గాలి కూడా ఎవరో ఒకరు తయారు చేసి ఇవ్వాలి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేసే చార్లెస్ కాకెల్ అనే శాస్త్రవేత్త దీని గురించే చాలా ఆలోచించారు. ఊపిరి కోసం పక్కవాడి యంత్రం మీద ఆధారపడే చోట నియంతృత్వం తేలిగ్గా మొలుస్తుందన్నది ఆయన ఆందోళన. నాసా లెక్క ప్రకారం మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. ఈ అంకె మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. అప్పుడు మీ స్టేషన్‌లో భయం ఎవరి గొంతులోనూ ఉండక్కర్లేదు, లెక్కల పుస్తకంలో ఉంటే చాలు.

ఉదాహరణకు ఇలా నడపండి. షిఫ్ట్ అయ్యాక మెకానిక్ కూలి లెక్క చూసే కిటికీ దగ్గరికి వస్తుంది. రోజు కూలి 40 పాయింట్లు. గాలికి 11, నీళ్లకు 6, పడకకు 8, తిండికి 12, పనిముట్ల అద్దె 5. మొత్తం 42. పన్నెండు గంటలు పనిచేసిన తర్వాత అప్పు 2 పాయింట్లు పెరిగింది. ఆ చీటీ నిజంగానే కాగితం మీద రాసి ఆటగాళ్ల చేతికివ్వండి. అప్పుడు సూపరింటెండెంట్ కిటికీలోంచి తల బయటికి పెట్టి అంటాడు: 'రెండు పాయింట్లే కదమ్మా, నేను మాఫీ చేస్తాన్లే. ఇంటికి కాల్ మాట్లాడి ఎన్నాళ్లయింది? రేపు లైన్ ఇప్పిస్తాను. అన్నట్టు, నిన్న రాత్రి మూడో నంబర్ గదిలో ఎవరెవరు కూర్చున్నారు?'

ఇక్కడ అరుపు లేదు, తాళం లేదు. అతను ప్రేమగా మాట్లాడుతున్నాడు, అడిగింది కూడా చిన్న విషయమే. కానీ ఆ ప్రశ్న తర్వాత మీ టేబుల్ చుట్టూ ఉన్న ప్రతివాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ అమ్మాయి ఏం చెప్పినా అది ఆమె ఎంపిక: నిజం చెప్పొచ్చు, అబద్ధం చెప్పొచ్చు, ఒక పేరు మాత్రమే చెప్పొచ్చు, 'నిద్రపోయానండీ, చూడలేదు' అనొచ్చు. తిట్లు తినే సీన్‌లో ఆమెకు చేయడానికి ఏమీ లేదు. ఈ సీన్‌లో ఉంది. తనిఖీకి భూమి నుంచి ఎవరైనా వచ్చిన రోజు అదే మనిషి అందర్నీ 'మీరు' అంటాడు, ఓడ వెళ్లిపోయాక మళ్లీ 'ఒసేయ్'కు దిగుతాడు. అదొక్కటి చూపిస్తే పేజీల కొద్దీ వర్ణన అక్కర్లేదు.

ఇలాంటి వివరాలు ఊహించుకుని కష్టపడక్కర్లేదు, చరిత్రలోనే కావలసినన్ని ఉన్నాయి. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకెళ్లారు. కాకినాడ పక్కనున్న మన కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అక్కడ 'డబుల్ కట్' అని ఒక పద్ధతి ఉండేది: ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరమొచ్చి పడుకున్నవాడికి జ్వరం తగ్గేసరికి బాకీ మిగిలేది. తోట దాటి వెళ్లాలంటే పాస్ ఉండాలి, లేకుండా దొరికితే జైలు. ఒక్క మనిషి దుర్మార్గుడు కావడం వల్ల జరిగింది కాదిది. తోటల యజమాని ఊళ్లో పెద్దమనిషి, పోలీసు చట్ట ప్రకారమే పట్టుకున్నాడు, గుమాస్తా రాసినది రాసినట్టే లెక్క కట్టాడు. మీ స్టేషన్‌లో కూడా సూపరింటెండెంట్ మీద ఇంకొకడిని పెట్టండి, అతనికీ ఒక కోటా, ఒక అప్పు పెట్టండి. అతను మంచివాడని చూపించమని కాదు నేననేది. అతన్ని చంపేస్తే సమస్య తీరిపోదని ఆటగాళ్లకు అర్థం కావాలి. అతని కుర్చీలో సోమవారం ఇంకొకరు కూర్చుంటారు.

అప్పును ఆటలో ఎలా నడపాలో చూడాలంటే పాత 'ట్రావెలర్' చూడండి. 1977లో మార్క్ మిల్లర్ చేసిన సైన్స్ ఫిక్షన్ గేమ్. అందులో సొంత ఓడ కావాలంటే ముందు ధరలో ఐదో వంతు కట్టాలి, తర్వాత నెలకు ధరలో 240వ వంతు చొప్పున 480 నెలలు కట్టాలి. అంటే నలభై ఏళ్ల ఈఎంఐ. మన గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాట్లకు కూడా బ్యాంకులు మామూలుగా ఇంత కాలం ఇవ్వవు. ఈ ఒక్క రూలు వల్ల మామూలు మనుషులు తాము ఎప్పుడూ చేయమనుకున్న సరుకు రవాణాకు ఒప్పుకుంటారు. ఎవరూ ఎవరినీ బెదిరించలేదు. నెలాఖరు వస్తోంది, అంతే.

'వీళ్లు ఎదురు తిరగొచ్చు కదా, పారిపోవచ్చు కదా' అని మీ ఆటగాళ్లలో ఒకరు తప్పక అడుగుతారు. నిజజీవితంలో కూడా మనం బాధితుల్ని మొదట అడిగేది ఇదే. దానికి మీరు ఉపన్యాసం ఇవ్వకండి, స్టేషన్ చేత జవాబు చెప్పించండి. ఓడ ఎనిమిది నెలలకొకసారి వస్తుంది. సీటు కావాలంటే సూపరింటెండెంట్ సంతకం కావాలి. పారిపోయినవాడి అప్పు అతని గదిలో ఉండేవాళ్లకు పంచుతారు. ఈ మూడూ తెలిశాక ఆ ప్రశ్న మళ్లీ రాదు.

అయితే దారులన్నీ మూసేస్తే అది ఆట కాదు, వాళ్లను కూర్చోబెట్టి బాధపెట్టడమే. ప్రతి ఆదివారం వాళ్ల చేతిలో ఏదో ఒకటి ఉండాలి. సూపరింటెండెంట్‌కు తెలియనిది కార్మికులకు తెలిసినది ఏమిటో మీరు ముందే రాసుకోండి. ఫిల్టర్‌ను ఇంకో ఇరవై గంటలు ఎలా సాగదీయాలో మెకానిక్‌కు తెలుసు, అతనికి తెలియదు. గాలి మీటర్లలో ఒకటి ఎక్కువ చూపిస్తోందని ఆమెకు తెలుసు. అందరూ రూలు ప్రకారమే పనిచేస్తే గని సగం వేగంతో నడుస్తుందని పాత కార్మికులకు తెలుసు.

వాళ్ల మధ్య ఉన్న ఆప్యాయతకు కూడా ఆటలో విలువ ఉండేలా చూడండి. 2003లో పాల్ సీజ్ రాసిన 'మై లైఫ్ విత్ మాస్టర్'లో ఆటగాళ్లంతా ఒక క్రూరుడైన యజమాని కింద పడి ఉన్న సేవకులు. ఊళ్లోవాళ్లతో వాళ్లు కలుపుకున్న ప్రేమకు అందులో ఒక అంకె ఉంటుంది, యజమాని ఆజ్ఞను కాదనే బలం ఆ అంకె నుంచే వస్తుంది. భయంలోంచి బయటపడే దారిని ఇంత సూటిగా రూలుగా మార్చిన ఆట నాకు మరొకటి తెలియదు. మీరు మీ గేమ్ సిస్టమ్ మార్చక్కర్లేదు, ఈ ఆలోచన తెచ్చుకుంటే చాలు. తన తిండిలోంచి ఒక వంతు పక్కవాడికిచ్చిన పాత్రకు ఆ రాత్రి ఒక పాచిక అదనంగా ఇవ్వండి. ఒంటరిని చేయడమే కంపెనీ పద్ధతి అయినప్పుడు, ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం కూడా ఎదురుదెబ్బే అవుతుంది.

సూపరింటెండెంట్ పాత్ర ఇక మీరే నడుపుతారు కాబట్టి మీకూ ఒక హెచ్చరిక. అతనికి పంచ్ డైలాగులు రాయకండి. దుర్మార్గుడికి మంచి మాటలన్నీ ఇచ్చేస్తే టేబుల్ మొత్తం అతని వైపు తిరిగి చూస్తుంది, పోయిన వారం జరిగిందీ అదే: దెబ్బ తిన్న మనిషిని ఎవరూ చూడలేదు, కొట్టినవాడి నటనను చూశారు. అతని సీన్లు కురచగా ఉంచి, అతను వెళ్లిపోయాక ఆ గదిలో మిగిలినవాళ్లకు ఎక్కువ సమయం ఇవ్వండి. ఆట అయ్యాక వెంటనే బిర్యానీ ఆర్డర్ చేసి లేచిపోకుండా, పదిహేను నిమిషాలు పాత్రల్లోంచి బయటికొచ్చి, సొంత పేర్లతో పిలుచుకుంటూ, ఏ సీన్ ఎలా అనిపించిందో మాట్లాడుకోండి. మొదట మీరు మాట్లాడండి, మాట్లాడాలనిపించనివాళ్లను బలవంతపెట్టకండి.

ఆమె తిరిగి వస్తానంటే, తర్వాతి ఆదివారం ఆ గది నుంచి మొదలుపెట్టకండి. స్టేషన్‌లో మూడు వారాలు గడిచిపోయాయని చెప్పండి. ఆ గదిలోంచి ఎలా బయటికొచ్చిందో ఆమె చెప్పాలనుకుంటే చెబుతుంది, లేదంటే వదిలేసి మీటర్ల దగ్గర పనితో మొదలుపెట్టండి. ఈ కథే వద్దు అంటే మాత్రం బతిమాలకండి. ఆ టేబుల్ మీద గని మూసేసి, అదే ఓడ ఎక్కించి, పాత్రలన్నిటినీ ఇంకో చోటికి తీసుకెళ్లండి. మీ నోట్స్ దాచుకోండి. అప్పు, గాలి, లెక్కల పుస్తకం, సూపరింటెండెంట్, అన్నీ మొదటి రోజే చెప్పి కూర్చోబెట్టగల ఇంకో గుంపు మీకు దొరుకుతుంది.